జ్ఞాపకశక్తి మాత్ర

ఆ వీధిలో ఆయన్ని అందరూ గంజిబాబు అంటారు. ఇస్త్రీ కొట్టు నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటారు కొత్తవాళ్లు. నాలుగు రోజులు పోతే వాళ్లకే తెలుస్తుంది, ఆయన చొక్కాలకు పెట్టే గంజికన్నా తనకు పెట్టుకునే గంజి ఎక్కువని. నిటారుగా నిలబడతాడు, నిటారుగా మాట్లాడతాడు, ఎదుటివాడి కాలరు నలిగి ఉంటే వాడి మాట కూడా నమ్మడు.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కొట్టులో ఒక పొడుగాటి బల్ల, దాని మీద మడతలు వేసి పరిచిన కంబళి, ఆ పైన అక్కడక్కడా కాలిన మచ్చలున్న తెల్లగుడ్డ. పక్కనే నీళ్లు చల్లడానికి మూతకు చిల్లులు పొడిచిన సీసా. గోడవారగా ఎవరి మూట వాళ్లది. బల్ల కింద ఒక చాప, చాప మీద ఆయన కూతురు చిట్టి. బడి నుంచి రాగానే ఆ పిల్ల పుస్తకాలు ముందేసుకుని అక్కడ చేరుతుంది. పైన నాన్న ఇస్త్రీ చేస్తూ వచ్చేపోయే వాళ్లతో లోకాభిరామాయణం మాట్లాడుతుంటాడు. కింద కూతురు ఎక్కాలు వల్లె వేస్తుంటుంది. పైనుంచి వచ్చే మాటల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల చెవి దాటి పోదని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

భార్య రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. తెల్లవారగానే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది, మళ్లీ దీపాలు పెట్టే వేళకి దింపుతుంది. అందుకని పిల్లకు జడ వేయడం దగ్గర్నుంచి మాత్ర వేయడం దాకా అన్నీ గంజిబాబు పనే.

ఆ మాత్ర సంగతి చెప్పాలి. ఏడాది కిందట ఒక సెలవు రోజు మధ్యాహ్నం, ఆరిన దుప్పటి తీస్తూ చిట్టి ఉన్నట్టుండి కింద పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్లు పైకి తేలిపోయాయి. కాసేపటికి లేచి, ఏం జరిగిందో తెలియక, దుప్పటి ఎవరు తీశారని అడిగింది. తర్వాతి వారం ఇంకోసారి. పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, మూర్ఛ అని చెప్పింది. ఇది ఎవరి తప్పూ కాదంది, ఎవరికీ అంటుకోదంది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఒక్క పూట తప్పినా ఫిట్స్ మళ్లీ రావచ్చు. మర్చిపోతే ఫోన్ చేసి అడగండి, రెండూ కలిపి వేసేయకండి, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపు వచ్చిందో చూసుకోవాలి, ఎంతకీ ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. బడిలో టీచరుకి చెప్పండి, పిల్లకు అర్థమయ్యేలా పిల్లకు కూడా చెప్పండి అంది చివర్లో. కొన్నేళ్లపాటు అసలు రాకుండా ఉంటే మాత్రలు మెల్లగా తగ్గించే సంగతి ఆలోచిద్దామంది.

ఆ చివరి మాట గంజిబాబు గుండెలో పాతుకుపోయింది. రాకుండా ఉండాలి. అంతే, ఆయనకు ఇంకేమీ వద్దు. కాబట్టి డాక్టరమ్మ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాడు, టీచరుకి చెప్పడం, పిల్లకు చెప్పడం తప్ప.

"చెబితే ఏమవుతుందండీ?" అని భార్య చాలాసార్లు అడిగింది.

"ఏమవుతుందా? రేపట్నుంచి పిల్లని పిల్లలా చూడరు. జబ్బుని చూసినట్టు చూస్తారు. పక్కన ఎవర్నీ కూర్చోనివ్వరు."

ఆ భయం ఉత్త భయం కాదు, అది ఒప్పుకోవాలి. ఆ వీధి సంగతి ఆయనకు తెలుసు. ఒకాయన దగ్గితే నాలుగిళ్ల అవతల అతనికి క్షయ అని తేల్చేసే వీధి అది. కాకపోతే పిల్లకు కూడా చెప్పకపోవడం ఎందుకయ్యా అంటే, పిల్లలు నోట్లో మాట దాచుకోలేరని ఆయన వాదన. నోట్లో ఏం దాచుకోగలరో ఆయనకు తర్వాత తెలిసింది.

మాత్రలు మొదలుపెట్టాక ఫిట్స్ ఆగిపోయాయి. గంజిబాబు ఆ పనిని ఒక కొలువులా చేశాడు. వీధి వెనకున్న మిల్లు సైరను మోగగానే చేతిలో ఎవరి చొక్కా ఉన్నా ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసి, చేతులు కడుక్కుని, మాత్ర తీసి, పిల్ల నాలుక మీద పెట్టి గ్లాసు అందించేవాడు. సాయంత్రం షిఫ్టు దిగే సైరనుకి మళ్లీ అదే తంతు. సాయంత్రం కొట్టులో జనం ఉంటారని వెనక గదిలో వేసేవాడు. పొద్దున మాత్రం బడికి వేళ మించిపోతుందని కొట్టులోనే కానిచ్చేవాడు.

అక్కడే దొరికిపోయాడు. ఒక పొద్దున టైలరమ్మ జాకెట్ల మూట తెచ్చి బల్ల మీద పెడుతూ మాత్ర చూసింది. వీధి మలుపులో కుట్టు మిషను పెట్టుకున్న మనిషి. ఆమె కూతురూ చిట్టీ ఒకే తరగతి, ఒకే బెంచీ.

"పిల్లకి ఏం మాత్ర అన్నయ్యా?" అంది.

సరిగ్గా అప్పుడే చిట్టి నీళ్లు తాగేసి, ఆపిన చోటి నుంచి పదిహేడో ఎక్కం గడగడా అందుకుంది.

"జ్ఞాపకశక్తికమ్మా," అన్నాడు గంజిబాబు.

అబద్ధం చెప్పాక మనిషి కాస్త తగ్గి ఉండాలి. ఈయన తగ్గలేదు. మొదట్లో ఎవరైనా అడిగితే పొడిగా ఒక మాట చెప్పి ఊరుకునేవాడు. పోనుపోను దానికి చిలవలు పలవలు వచ్చాయి. పెద్ద డాక్టరు రాసిచ్చిన మాత్ర అనేవాడు. అది అందరికీ పడదనీ, ఒంటి తత్వం చూసి గానీ ఇవ్వరనీ అనేవాడు. చిట్టి తరగతిలో మొదట వచ్చిన రోజున, "మరి ఊరికే వస్తుందా, పూట తప్పకుండా వేస్తున్నాను," అని మీసం సవరించుకున్నాడు. పద్యాల పోటీలో బహుమతి వచ్చినప్పుడు వీధంతా గుమిగూడి మాత్రని మెచ్చుకుంది. పాత పేపర్లు కొనే ఆయన తన కొడుక్కి ఒక్క డబ్బా ఇప్పించమని కాళ్లావేళ్లా పడ్డాడు. లెక్కల్లో తప్పిన ఒక డిగ్రీ కుర్రాడైతే పెద్దవాళ్లకు కూడా ఉంటుందా అని చెవిలో అడిగి వెళ్లాడు. గంజిబాబు ఎవరికీ లేదనలేదు, ఇస్తాననీ అనలేదు. నీళ్లు నములుతూనే గొప్పలు పోయాడు. ఆ విద్య అందరికీ రాదు.

బల్ల కింద చిట్టి ఇవన్నీ వింటూనే ఉంది.

ఇంకో సంగతి. ఆ పొద్దుటి మాత్రకు ఇప్పుడు ప్రేక్షకులు తయారయ్యారు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆగి మరీ చూసేవారు. దాంతో గంజిబాబు మాత్రని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, వీధి వైపు తిరిగి, దాని మహిమ గురించి ఒక ముక్క చెప్పి, అప్పుడు వేసేవాడు. "మింగావా?" అని కూతుర్ని అడిగేటప్పటికి ఆయన మొహం జనం వైపే ఉండేది. పిల్ల తల ఊపేది. ఆ ఊపును కూడా జనమే చూసేవారు.

ఇలా ఉండగా, ఒక సాయంత్రం చిట్టి అన్నం ముద్ద పట్టుకుని అలాగే కాసేపు గోడను చూస్తూ ఉండిపోయింది. పిలిస్తే పలకలేదు. మళ్లీ ఏమీ ఎరగనట్టు తినడం మొదలుపెట్టింది. భార్య మొగుడి వైపు చూసింది. ఆలోచిస్తోందిలే, రేపు లెక్కల పరీక్ష అన్నాడు గంజిబాబు. అన్నాడే గానీ తాను సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం, భార్య ఇంట్లో ఉన్న రోజు, కొట్టు నిండా జనం ఉన్న వేళ, బల్ల కింద నుంచి దబ్బుమని చప్పుడైంది. చిట్టి తల బల్ల కాలికి తగిలింది. ఒళ్లంతా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలైంది.

ఏం చెయ్యాలో గంజిబాబుకు కంఠతా వచ్చు. అయినా ఆయన ముందు చేసిన పని, జనాన్ని బయటకు నెట్టి షట్టరు లాగడం. ఆ షట్టరు సగందాకా వచ్చి ఇరుక్కుపోయింది. ఈయన దానితో కుస్తీ పడుతుంటే, వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చిన భార్య పిల్లని పక్కకు తిప్పి, చేతికందిన ఇస్త్రీ బట్టల దొంతర తల కింద పెట్టి, గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. షట్టరు కింది నుంచి వీధి మొత్తం వంగి లోపలికి చూసింది. కొందరు మోకాళ్ల మీద కూర్చుని చూశారు. సలహాలతో పాటు సామాను కూడా ఆ సందులోంచి లోపలికి రావడం మొదలైంది. చేతిలో పెట్టమని ఎవరో తాళాల గుత్తి విసిరారు. పళ్ల మధ్య పెట్టమని ఎవరో చెంచా దొర్లించారు. ఒకాయన తన సైకిలు గొలుసు కూడా పంపాడు. పాపం, ఆయన ఇంటికి నడిచి పోవాల్సి వచ్చింది. ఒక్కరు కూడా ఊరుకోలేదు, ఒక్కటి కూడా పనికి రాలేదు.

కాసేపటికి పిల్ల ఒళ్లు సడలింది, నిద్రలోకి జారింది. భార్య తలెత్తి మొగుడిని చూసింది.

"షట్టరు పడిందా?" అంది. ఆ మాట చాలు, గంజిబాబుకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే వీధికి ఒక కథ కావలసి వచ్చింది. గంజిబాబు తడుముకోకుండా ఇచ్చాడు. ఎక్కువ చదివి తల వేడెక్కిందట. మాత్ర మరీ బాగా పనిచేస్తే అలా అవుతుందట. వీధి ఒప్పుకుంది. మాత్ర మీద గౌరవం ఇంకాస్త పెరిగింది కూడా.

మర్నాడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, మాత్ర ఎప్పుడైనా తప్పిందా అని. గంజిబాబు కుర్చీలో ఇంకొంచెం నిటారయ్యాడు. తాను మాత్ర ఎలా వేస్తాడో సైరనుతో సహా వివరించాడు. బయట బెంచీ మీద కూర్చున్న మిగతా తల్లిదండ్రులకు కూడా వినబడేలా చెప్పాడు. పిల్లల మాత్రలు వేయడంలో ఈ రోజుల్లో ఎవరికీ శ్రద్ధ లేదని బాధపడ్డాడు. డాక్టరమ్మ అంతా విని, మందు పెంచే ముందు ఒకసారి రక్తపరీక్ష చూద్దామంది. ఆ రిపోర్టు వచ్చాక, మందు ఉండాల్సినంత రక్తంలో లేదు, ఇంట్లో ఎక్కడో తేడా వస్తోంది, వెతకండి అంది.

గంజిబాబు వెతికాడు. తనను తప్ప అందరినీ వెతికాడు. ముందు మందుల కొట్టుకి పోయి నకిలీ సరుకు అంటగట్టావని కొట్టువాణ్ని నలుగురిలో కడిగిపారేశాడు. అతను నిదానంగా డబ్బా తిప్పి గడువు తేదీ, ముద్ర చూపించి, ఇదే మందు ఇంకా చాలామంది పిల్లలకు ఇస్తున్నాను, వాళ్లకు బాగానే ఉంది అన్నాడు. తర్వాత భార్య మీద పడ్డాడు, మాత్రల డబ్బా ఎండలో పెట్టావా అని. ఆ డబ్బా ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది, దాని పక్కనే రోజంతా ఇస్త్రీ పెట్టె కాలుతూ ఉంటుంది. ఆమె ఆ మాట చెబితే, నీకేం తెలుసు ఊరుకో అన్నాడు. అన్నాక డబ్బా తీసి వెనక గది అలమరాలో పెట్టాడు. రాత్రిళ్లు ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. రాకుండా ఉంటే చాలనుకున్నది వచ్చేసింది, మళ్లీ వస్తుందేమో, ఎక్కడ వస్తుందో, మెట్ల మీద వస్తుందో, రోడ్డు దాటేటప్పుడు వస్తుందో. పిల్ల మంచినీళ్లు తాగడానికి లేచినా వెనకే నడిచేవాడు.

అలాంటి ఒక పొద్దున టైలరమ్మ వచ్చింది. చేతిలో బట్టల మూట లేదు. మొహం వెలిగిపోతోంది. కొట్టులో ఇద్దరు ముగ్గురు ఉన్నా లెక్కచెయ్యకుండా రెండు చేతులూ జోడించింది.

"నీ మేలు మర్చిపోలేను అన్నయ్యా. నోరు తెరిచి అడిగినా ఒకరికివ్వని మాత్ర, అడక్కుండానే మా పిల్లకి పంపిస్తున్నావు. నిన్న దాని పెన్సిలు డబ్బాలో చూశాను. అడిగితే చెప్పింది, చిట్టి రోజూ పొద్దున తెచ్చిస్తోందని."

గంజిబాబు చేతిలో ఇస్త్రీ పెట్టె ఎవరిదో చొక్కా మీద ఆగిపోయింది.

టైలరమ్మ ఇంకా చెప్పుకుపోతోంది. జ్ఞాపకం ఇంకా రాలేదు గానీ నిద్ర మాత్రం బాగా పడుతోందట. బడిలో బెంచీ మీదే నిద్రపోతోందని టీచరు కబురు పెట్టిందట. బుర్ర లోపల పని జరుగుతుంటే అలాగే ఉంటుందేమో, భయపడాల్సిన పని లేదు కదా అని అడిగింది. మాడు వాసన వచ్చింది. కొట్టులో ఉన్నాయన "నా చొక్కా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

గంజిబాబు వంగి బల్ల కిందకు చూశాడు. కూతురుతో మాట్లాడటానికి ఆయన అలా వంగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చిట్టి బడి సంచీ సర్దుకుంటోంది.

"మాత్ర మింగడం లేదా నువ్వు?"

"సాయంత్రానిది మింగుతున్నాను," అంది చిట్టి. "పొద్దుటిది బుగ్గలో పెట్టుకుని దానికిస్తున్నాను. నాకు అన్నీ గుర్తుంటున్నాయి కదా నాన్నా. దానికి ఏడో ఎక్కం కూడా రాదు. రోజూ టీచరు నిలబెడుతోంది. నాకు ఒకటి చాలు."

పిల్ల మొహంలో తప్పు చేసిన జాడ లేదు. మంచి పని చేశాననే ఉంది. తిట్టడానికి గంజిబాబుకు ఎక్కడా పట్టు దొరకలేదు. ఆ పిల్ల దొంగతనం చేయలేదు, అబద్ధం ఆడలేదు, నాన్న చెప్పిన మాటని అక్షరాలా నమ్మింది, అంతే. ఆ వీధిలో అంత గట్టిగా నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు ఇంకో అబద్ధం చెప్పి గట్టెక్కవచ్చు. ఆయన నోటి దాకా ఒకటి వచ్చింది కూడా. మాత్ర మారిపోయిందనో, మోతాదు కుదరలేదనో. కానీ ఎదురుగా నిలబడ్డ ఆమె కూతురి ఒంట్లో ఆ మందు ఉంది.

"చెల్లెమ్మా, ఇంక ఆ మాత్ర మీ పిల్లకి వెయ్యకు," అన్నాడు. "అది ఫిట్స్ మాత్ర. మా పిల్లకి మూర్ఛ. జ్ఞాపకశక్తి గురించి నేను చెప్పిందంతా అబద్ధం. మీ పిల్లని తీసుకుని పద, ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

టైలరమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడానికి లేదు. దారి పొడుగునా అంటూనే ఉంది. గంజిబాబు నలిగిన లుంగీతోనే ఆసుపత్రికి వెళ్లాడు, ఆ సంగతి కూడా చూసుకోలేదు.

డాక్టరమ్మ ఆ పిల్లని పరీక్షించి, ప్రమాదం లేదు, ఇంక వెయ్యకుండా ఉంటే మత్తు దానంతటదే పోతుంది, రెండు రోజులు కనిపెట్టి చూడమంది. చిట్టికి మందు పెంచాల్సిన అవసరం లేదంది. ఉన్న మందు కడుపులోకి వెళితే చాలంది. గంజిబాబుని మాత్రం కూర్చోమనకుండా నిలబెట్టే అడిగింది, పిల్లకు చెప్పమన్నాను కదా, చెప్పారా అని. బయట బెంచీ మీద అవే మొహాలు ఉన్నాయి. ఈసారి గంజిబాబు ఎవరికీ వినబడేలా మాట్లాడలేదు.

ఆ సాయంత్రం సైరను మోగింది. కొట్టులో జనం బాగానే ఉన్నారు, వార్త అప్పటికే వీధి చివరిదాకా పోయింది. కొందరు ఉతకని బట్టలు కూడా ఇస్త్రీకి తెచ్చారు, చూడటానికి ఏదో ఒక వంక కావాలి కదా. గంజిబాబు వాళ్లకు వీపు పెట్టి, బల్ల కింద చాప మీద కూతురికి ఎదురుగా చతికిలబడ్డాడు. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భార్య వెనక గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన మాత్ర వేశాడు. నోరు తెరవమన్నాడు, నాలుక ఎత్తమన్నాడు, రెండు బుగ్గలూ చూశాడు. తర్వాత చెప్పాడు. ఆ రోజు దుప్పటి తీస్తూ పడిపోయావు కదా, దాని పేరు మూర్ఛ అని, తలలో ఒక్కోసారి కరెంటు తప్పుగా పారినట్టు అవుతుందని, అది రాకుండా ఈ మాత్ర కాపలా ఉంటుందని, ఒక్కటి ఎవరికిచ్చినా కాపలా పోతుందని. నీ తప్పేమీ లేదు, నేనే నీకు అబద్ధం చెప్పానన్నాడు.

భయపడుతుందేమో, ఏడుస్తుందేమో అని చూశాడు గంజిబాబు.

"అయితే ఇది జ్ఞాపకశక్తికి కాదా?"

"కాదమ్మా."

"మరి ఎక్కాలూ, పద్యాలూ? అవన్నీ ఎలా గుర్తున్నాయి?"

"నువ్వే గుర్తుపెట్టుకున్నావు."

"నేనేనా? అన్నీనా?"

"అన్నీ నువ్వే."

పిల్ల మొహం మొదట విప్పారింది. తర్వాత ఎర్రబడింది. ఏడాది పొడుగునా తరగతిలో మొదట వచ్చిన పిల్ల, బహుమతులు తెచ్చిన పిల్ల, వీధంతా మాత్రని మెచ్చుకుంటుంటే బల్ల కింద కూర్చుని విన్న పిల్ల.

"మరి అందరితో మాత్ర వల్లే అన్నావెందుకు నాన్నా?"

మాటకు మాట అందించే గంజిబాబు చాప మీద ముడతలు అరచేత్తో సాపు చేయడం మొదలుపెట్టాడు.

"అందరికీ చెప్పు," అంది చిట్టి. "నాకు ఫిట్స్ ఉన్నాయని చెప్పు, పర్లేదు. మార్కులు నావేనని కూడా చెప్పు."

గంజిబాబు బల్ల కింద నుంచి లేచి జనం వైపు తిరిగాడు. మొదటిది చెప్పేశాడు, అది అప్పటికే అందరికీ తెలిసిందే. రెండోది చెప్పబోయి ఆగి, బల్ల కింద పిల్ల వైపు చూశాడు. ఏడాదిగా తాను దాచింది జబ్బునే అనుకుంటూ వచ్చాడు, పిల్ల తెలివిని కూడా దాచేశానని అప్పుడు తెలిసింది.